ఆనంద్ అని రాసున్న చొక్కా

ఆనందబాబుగారిని టీంలోంచి తీసెయ్యాలి, ఆ సంగతి ఆయన మొహం మీద చెప్పాలి. మొదటిది కాగితం మీద ఒక్క గీత గీస్తే అయిపోయే పని. రెండోదే సుందర్ రాజ్ చేత కాలేదు. అతనొక్కడి చేతా కాదు లెండి, మనవాళ్ళలో ఎవరి చేతా కాదు. మొహమాటం అని మనకొక జబ్బుంది. కుదరదు అనాల్సిన చోట చూద్దాంలే అంటాం, వద్దు అనాల్సిన చోట మీ ఇష్టం అంటాం. ఆ తరవాత వీపు వెనక చెయ్యకూడని పనులన్నీ చేసి, ఎదుటివాడి మనసు నొప్పించడం ఇష్టంలేకే అలా చేశామని చెప్పుకుంటాం. 1985లో న్యూజెర్సీ పిస్కాటవేలో జరిగిన ఈ వ్యవహారమంతా ఆ జబ్బు ముదిరితే వచ్చిందే.

పిస్కాటవేలోని తెలుగు క్రైస్తవ సంఘానికి అప్పటికి సొంత గుడి లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళ కింది హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకునేవారు. గుంటూరు, ఒంగోలు, నర్సాపురం, కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్ళు, మందుల కంపెనీల్లోనూ ఆసుపత్రుల్లోనూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు. పై హాలువాళ్ళు వెళ్ళిపోతుంటే, కింది హాలువాళ్ళు వస్తుంటే మెట్ల దగ్గర ఒక చిన్న నవ్వు. ఏళ్ళు గడిచినా పరిచయం ఆ నవ్వు దాటలేదు.

ఇది ఆనందబాబుకి నచ్చలేదు. ఆయన సంఘ పెద్ద, యాభై దాటిన మనిషి, రోడ్ల శాఖలో వంతెనల ఇంజనీరు. వాళ్ళ హాల్లో కూర్చుంటే సరిపోదు, వాళ్ళ గ్రౌండ్‌లో కూడా దిగాలి అని పట్టుబట్టాడు. చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసి వేసవి పొడుగునా సాఫ్ట్‌బాల్ లీగ్ ఆడేవి. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాలే, బంతి కాస్త పెద్దది, చెయ్యి కింది నుంచి ఊపి విసురుతారు. ఆయన వెళ్ళి లీగ్‌వాళ్ళతో మాట్లాడి తెలుగువాళ్ళకూ ఒక టీం ఇప్పించాడు. నీలం చొక్కాలు కుట్టించి, ఒక్కొక్కరి వీపు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలతో పేర్లు వేయించాడు. వీళ్ళకు మన పేర్లు నోరు తిరగవు, చదివైనా నేర్చుకుంటారు అన్నాడు. మొదటి రెండేళ్ళూ మేనేజర్ ఆయనే. మూడో ఏడు సుందర్ రాజ్‌ని పిలిచి, ఇక నువ్వు చూసుకోరా అని విజిల్ అతని మెడలో వేశాడు.

సుందర్ రాజ్‌కి ఆనందబాబు ఎవరంటే, చుట్టం కాదు. అంతకన్నా ఎక్కువ. జనవరి చలిలో సన్నటి స్వెటర్ ఒకటి వేసుకుని విమానం దిగిన కుర్రాణ్ణి కెనడీ ఎయిర్‌పోర్టు నుంచి తన కార్లో తెచ్చుకుని, ఒంటి మీది కోటు విప్పి తొడిగిన మనిషి. ఉద్యోగం దొరికేదాకా అతను ఆనందబాబు ఇంట్లోనే ఉన్నాడు. ఆయన భార్య వసంతకుమారి చేతి వంట తిన్నాడు. డెబోరాని పెళ్ళి చేసుకుంటే పెద్దరికం వహించిందీ వాళ్ళే. అతను ఆయన్ని అన్నయ్యా అంటాడు, ఆమెని వదినా అంటాడు. వాళ్ళకు అతను సుందరం.

కానీ అన్నయ్యకు ఆట రాదు. ఏం చేస్తాం? బ్యాటు పట్టుకుంటే చూడ్డానికి బాగానే ఉంటాడు. బంతి వచ్చి వెళ్ళిపోయాక ఊపుతాడు. గ్లవ్ తొడుక్కుని నిలబడితే బంతి అందులో పడి, ఆయన్ని పలకరించి, బయటికి దొర్లిపోతుంది. పట్టినప్పుడల్లా దేవునికి స్తోత్రం అంటాడు గనక ఆ సీజన్‌లో ఆయన స్తోత్రం చెప్పింది బహు తక్కువ. ఎక్కువ భాగం బెంచీ మీదే కూర్చుని అందరికీ నీళ్ళిస్తూ, అవతలి టీంవాళ్ళకు కూడా చప్పట్లు కొడుతూ ఉండేవాడు.

ఆ ఏడు మనవాళ్ళు మొదటిసారి ప్లేఆఫ్స్‌కి, అంటే కప్పు ఎవరిదో తేల్చే చివరి ఆటలకు వచ్చారు. ప్లేఆఫ్స్‌కి ముందు లీగ్‌వాళ్ళకు రోస్టర్ ఇవ్వాలి, అంటే ఆడేవాళ్ళ జాబితా. పదిహేను పేర్లు. ఇచ్చాక మార్పు లేదు, అందులో లేనివాడు గ్రౌండ్‌లో అడుగు పెట్టకూడదు. సంఘానికి చెందినవాడై ఉండాలి, పాస్టరుగారు సంతకం పెట్టాలి. సుందర్ రాజ్ కంటికి నిద్ర లేదు. ఎందుకంటే అతను పనిచేసే మందుల కంపెనీ ల్యాబ్‌లో కృష్ణమోహన్ అని కొత్త కుర్రాడు చేరాడు. యూనివర్సిటీకి క్రికెట్ ఆడినవాడు. సరదాగా ఒకరోజు ప్రాక్టీస్‌కి తీసుకొస్తే, బంతిని కొట్టి కంచె అవతల పార్క్ చేసిన కార్ల మధ్య పడేశాడు. అందరికీ నోరూరింది. ఆనందబాబు అయితే వాడి భుజం తట్టి, పేరు అడిగి, వాటర్‌మెలన్ ముక్క కోసి పెట్టాడు.

కృష్ణమోహన్ హిందువు. అతన్ని వరసగా నాలుగు వారాలు ఆరాధనకు తీసుకురా, సంతోషంగా సంతకం పెడతాను అన్నారు పాస్టరుగారు. నాలుగు వారాల టైము లేదు. పోనీ సంఘంలోనే ఆడగలిగిన కాలేజీ కుర్రాడు ఇంకొకడున్నాడు, ఆనందబాబు పేరు తీసేసి వాడి పేరైనా వెయ్యమని టీం అంతా పోరు. ఆ మాట చెప్పడానికే సుందర్ రాజ్ ఒక సాయంత్రం ఆనందబాబు ఇంటికి వెళ్ళాడు. వదిన పెసరట్లు పోసింది. అల్లం పచ్చడి వేసింది. అన్నయ్య ప్లేఆఫ్స్ గురించి చిన్నపిల్లాడిలా మాట్లాడాడు. సుందర్ రాజ్ మూడు పెసరట్లు తిని, కాఫీ తాగి, ప్రార్థన చేయించుకుని, ఆ మాట ఎత్తకుండానే ఇంటికి వచ్చేశాడు. మర్నాడు ఆనందబాబు పేరుతోనే రోస్టర్ ఇచ్చేశాడు. ఆ రోజు ధైర్యం చేసి ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కథే లేదు.

సెమీఫైనల్ గెలిచారు గానీ, గెలిపించిన మణి, టీంలో అందరికన్నా గట్టి ఆటగాడు, చీలమండ విరగ్గొట్టుకుని అందరూ చూస్తుండగా అంబులెన్స్ ఎక్కాడు. ఫైనల్ అక్టోబరు మొదటి శనివారం. అవతలిది పక్క ఊరి చర్చి టీం, దానికి కోచ్ వాల్టర్ అని హార్డ్‌వేర్ షాపు ఆయన. మణి లేకుండా వాళ్ళ ముందు నిలబడటం కల్ల. అప్పుడు టీంలో ఒకడు, ఎవడైతేనేం, అన్నాడు. రోస్టర్‌లో ఆనందబాబు అంకుల్ పేరు ఊరికే పడి ఉంది గదా, ఆ పేరు మీద కృష్ణమోహన్‌ని దింపితే తెలిసేదెవరికి అని. అంకుల్ ఎప్పుడూ బెంచీ మీదేనాయె. వాళ్ళకు మన పేర్లూ గుర్తుండవు, మొహాలూ గుర్తుండవు, అందరం ఒక్కలాగే కనబడతాం.

చూశారా మరి. వాళ్ళకు మనమంతా ఒకటేలా కనబడతామని ఏడాది పొడుగునా సణుక్కునే పెద్దమనుషులే, అవసరం వచ్చేసరికి దాన్నే అడ్డం పెట్టుకోబోయారు. సుందర్ రాజ్ తల అడ్డంగా ఊపలేదు. చూద్దాంలే అన్నాడు. అంటే సరేనని.

కృష్ణమోహన్ మంచివాడు. ఆయనకు చెప్పారా సార్ అని అడిగాడు. చెప్పాను, ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు అన్నాడు సుందర్ రాజ్. నోరు తిరగాలే గానీ ఒక అబద్ధం వెనక ఇంకోటి రావడం ఎంతసేపు! శుక్రవారం ఆఫీసు నుంచి వస్తూ ఆనందబాబు ఇంటి ముందు కారు ఆపాడు. అన్నయ్య ఇంట్లో లేడు. వదినతో, చొక్కా మీద అక్షరాలు ఊడిపోతున్నాయి, అందరివీ ప్రింటింగ్ షాపులో ఇచ్చి సరిచేయిస్తున్నాను అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి, ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉన్న నీలం చొక్కా తెచ్చి ఇచ్చింది. అక్షరాలు ఒక్కటీ ఊడలేదు. ఆమె అది చూసిందో లేదో గానీ ఏమీ అనలేదు, డెబోరా ఎలా ఉంది అని అడిగింది.

ఆ రాత్రి ఫోన్ చేసి అన్నయ్యకు ఇంకో పని అప్పజెప్పాడు. గెలిచినా ఓడినా హాల్లో అందరికీ భోజనాలు పెడదాం అన్నయ్యా, మీ బిర్యానీ లేకపోతే అది భోజనమే కాదు, మీరు గ్రౌండ్‌కి రాకుండా దాని సంగతి చూడండి అన్నాడు. ఆనందబాబు, అలాగేరా, చేస్తాను అన్నాడు. తన ఇష్టదైవానికి పూజారిగా నియమించినంత సంబరంగా అన్నాడని చెప్తే మీరు నమ్మకండి. ఫైనల్ చూడాలని ఆయనకు ప్రాణం కొట్టుకుంటోంది. కానీ తమ్ముడు అడిగాడు గదా, కాదనలేకపోయాడు. ఆ జబ్బు ఆయనకూ ఉంది.

శనివారం మబ్బు పట్టి చల్లగా ఉంది. మేపుల్ చెట్లు అప్పుడే ఎరుపెక్కుతున్నాయి. కృష్ణమోహన్ ఆ చొక్కా తొడుక్కుని దిగాడు. భుజాల దగ్గర బిగుతు, పొట్ట దగ్గర వదులు. వీపు మీద ఆనంద్ అని తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. మొదటిసారి బ్యాటు పట్టినప్పుడే హోమ్‌రన్, మన సిక్సర్ లాంటిది, కొట్టాడు. రెండోసారి కొట్టిన బంతి దొరకనే లేదు. మనవాళ్ళు ఆనంద్ ఆనంద్ అని కేకలు. సుందర్ రాజ్ కూడా అరిచాడు. అరుస్తుంటే తన గొంతు తనకే అసహ్యంగా వినిపించిందట, అయినా ఆపలేదు.

ఆట సగం దాటాక వాల్టర్ అంపైర్ దగ్గరికి నడిచాడు. ఇద్దరూ కలిసి సుందర్ రాజ్ దగ్గరికి వచ్చారు. వాల్టర్ గొడవ పెట్టుకునే రకం కాదు, ఇబ్బందిగానే మొదలుపెట్టాడు. ఏమనుకోకు, ఈ కుర్రాణ్ణి నేను సీజన్‌లో ఎప్పుడూ చూడలేదు. పైగా ఆనంద్ అనే ఆయన నాకు తెలుసు. జులైలో వాన పడి ఆట ఆగిపోయిన రోజు నా కారు స్టార్ట్ కాలేదు, మీ టీంలో ఒక పెద్దాయన తడుస్తూ నిలబడి తన కారు పక్కకు తెచ్చి బ్యాటరీకి కేబుల్స్ తగిలించి స్టార్ట్ చేసి పెట్టాడు, పేరు ఆనంద్ అని చెప్పాడు, ఆయనకు మీసాలున్నాయి అన్నాడు వాల్టర్.

అంపైర్, ఇతనేనా ఆనంద్ అని సూటిగా అడిగాడు. సుందర్ రాజ్ ఔనన్నాడు. కృష్ణమోహన్ తల వంచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పార్కింగ్ వైపు నుంచి ఆనందబాబు వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని, తువ్వాలు చుట్టిన పెద్ద బిర్యానీ గిన్నె రెండు చేతులా పట్టుకుని, మొహమంతా నవ్వుతో వచ్చాడు. తెల్లారకముందే లేచి వండేశాడు. వేడివేడిగా గ్రౌండ్‌లోనే పెడితే కుర్రాళ్ళు సంతోషిస్తారు, ఆఖరి భాగమైనా ఆట చూసినట్టూ ఉంటుంది అనుకున్నాడు. అడుగో ఆయనే, అన్నాడు వాల్టర్.

అంపైర్ పిలిచాడు. ఆనందబాబు గిన్నెతోనే దగ్గరికి వచ్చాడు. ముందు కృష్ణమోహన్ వీపు కనబడింది. ఆ వీపు మీద తన పేరు చదువుకున్నాడు. షాపుకిచ్చిన చొక్కా, గ్రౌండ్‌కి రావద్దన్న ఫోన్, అన్నీ ఆయనకు ఆ ఒక్క క్షణంలో అర్థమయ్యాయి. ఆయన మొహంలో నవ్వు ఎలా పోయిందో సుందర్ రాజ్ చూశాడు. ఆనందబాబు తిరిగి సుందర్ రాజ్ మొహంలోకి చూశాడు. సుందర్ రాజ్ కళ్ళు దించుకున్నాడు.

మీ పేరేమిటండీ అని అడిగాడు అంపైర్.

"మై నేమ్ ఈజ్ కృష్ణమోహన్," అన్నాడు ఆనందబాబు. "ఐ బ్రాట్ ద ఫుడ్."

ఆ మాట అన్నాక గిన్నె బరువెక్కినట్టు కాస్త వంగాడు. అక్కడితో అయిపోయినా బాగుండేది. వాల్టర్ మొహం ఎర్రబడిపోయింది. తప్పు తనదే అనుకున్నాడు పాపం. చెయ్యి గుండె మీద పెట్టుకుని, క్షమించండి కృష్ణా, మీరు నాకంత సాయం చేస్తే మీ పేరు కూడా సరిగ్గా గుర్తుపెట్టుకోలేదు, సిగ్గుగా ఉంది, ఇక ఎప్పుడూ మరిచిపోను అన్నాడు. మర్చిపోకూడదని పెదాల మీద రెండుసార్లు ఆ పేరు అనుకున్నాడు. ఫరవాలేదు అన్నాడు ఆనందబాబు. అంతకన్నా ఏమనగలడు?

సుందర్ రాజ్ రెండు అడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. భూమి చీలితే దూరిపోదామనుకున్నాడు గానీ, నోరు మాత్రం తెరవలేదు.

ఆట గెలిచారు. బహుమతులిచ్చేటప్పుడు లీగ్ ఆయన రోస్టర్ చూసి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి మెడలో మెడల్ వేశాడు. ఆనంద్ బాబు అని పిలిచాడు. ఎవరూ కదల్లేదు. ఆనందబాబు బెంచీ పక్కన నిలబడి కాగితం ప్లేట్లు సర్దుతున్నవాడల్లా తలెత్తి, వెళ్ళవయ్యా అన్నట్టు కృష్ణమోహన్‌కి కళ్ళతో సైగ చేశాడు. కృష్ణమోహన్ వెళ్ళి తల వంచాడు. ఆనందబాబు అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. వాల్టర్ టీంకి కూడా ఆయనే స్వయంగా బిర్యానీ వడ్డించాడు. వాల్టర్ ప్రతి ముద్దకూ కృష్ణా, చాలా బాగుంది అంటూనే ఉన్నాడు.

కార్ల దగ్గర కృష్ణమోహన్ చొక్కా విప్పి ఇచ్చేశాడు. మెడల్ కూడా సుందర్ రాజ్ చేతిలో పెట్టాడు.

"ఆయనకు చెప్పానన్నారు సార్," అన్నాడు. ఆ తరవాత ల్యాబ్‌లో గుడ్ మార్నింగ్ చెప్పేవాడు గానీ, ఎదురుగా కూర్చుని లంచ్ తినడం మానేశాడు.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం. మొదటి ఆదివారం అంటే ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చాక వరస వరసకూ పళ్ళెం తీసుకెళ్ళేది సంఘ పెద్దలు. ఆ సంఘం పుట్టినప్పటి నుంచీ ఆ పళ్ళెం పట్టుకున్నది ఆనందబాబే. ఆ రోజు ఆయన ముందుకు రాలేదు. ఆఖరి వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు అందరూ. పక్కన వసంతకుమారి పైట తల మీదికి లాక్కుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా గోడనే చూస్తూ కూర్చుంది.

బల్లకు ముందు సాక్ష్యాలు చెప్తారు. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పుకుంటారు. నిన్నటి విజయం గురించి బ్రదర్ సుందర్ రాజ్ సాక్ష్యం చెప్తారు అన్నారు పాస్టరుగారు. నిన్న ఆటలో గెలిచిన కప్పు తెచ్చి ముందు బల్ల మీద, రొట్టె పక్కనే పెట్టారు. హాలంతా అతనివైపు తిరిగింది. సుందర్ రాజ్ లేచాడు. నిలబడ్డప్పుడు నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు. కానీ ఎదురుగా అన్ని మొహాలు, పిల్లలు, మణి ఊతకర్రలతో, పక్కన డెబోరా గర్వంగా. ఏ మొహం చూసి చెప్పగలడు? మనకు విజయం ఇచ్చిన దేవునికి స్తోత్రం అని కూర్చున్నాడు. ఆమెన్ అన్నారందరూ. ఆఖరి వరసలోంచి మాత్రం ఆమెన్ రాలేదు.

పళ్ళెం వెనక్కి వెళ్ళింది. సుందర్ రాజ్ చూడకూడదనుకుంటూనే తిరిగి చూశాడు. పళ్ళెం ఆనందబాబు చేతికి వచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా, జాగ్రత్తగా, రొట్టె ముట్టకుండా, పక్కవాళ్ళకు అందించేశాడు. తెలిసీ తప్పు చేసినవాడు, అది దిద్దుకోనివాడు ఆ రొట్టె ముట్టకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పుతారు మనకు. తప్పు ఎవరిది, రొట్టె మానుకున్నది ఎవరు! సుందర్ రాజ్ వంతు అంతకుముందే వచ్చింది. అందరూ చూస్తున్నారని అతను తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతు దిగడానికి ఆరాధన అయ్యేదాకా పట్టింది.

అందరూ వెళ్ళాక ఆనందబాబు హాలు వెనక వంటగదిలో నిన్నటి బిర్యానీ గిన్నె తోముతున్నాడు. అడుగంటిన చోట గరిటతో గీకుతున్నాడు. సుందర్ రాజ్ వెళ్ళి వెనక నిలబడ్డాడు. జేబులోంచి మెడల్ తీసి గట్టు మీద పెట్టాడు.

"అది నాకెందుకురా, ఆడినవాడిది," అన్నాడు ఆనందబాబు తిరగకుండానే.

"అన్నయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను. నన్ను తిట్టండి."

ఆనందబాబు పంపు కట్టేశాడు. చేతులు తుడుచుకున్నాడు. "నాకు ఆట రాదని నాకు తెలీదనుకున్నావా? మీ పేరు తీసేశాను అన్నయ్యా, బెంచీ మీద కూర్చోండి అనుంటే కూర్చునేవాణ్ణి గదరా. ఒక్క మాట. పెసరట్లు తింటూ చెప్పినా వినేవాణ్ణి."

నిన్న మీరెందుకు అలా చెప్పారు అని అడిగాడు సుందర్ రాజ్.

"నీ మొహం చూశాను," అన్నాడు ఆనందబాబు. "అందరి ముందూ నిన్ను దొంగని చెయ్యడానికి నోరు రాలేదు."

"మరి బల్ల ఎందుకు తీసుకోలేదు?"

ఆనందబాబు గిన్నె బోర్లించాడు. ఆ వాల్టర్ తప్పు చెయ్యకుండానే తనకు సారీ చెప్పాడని, అది మనసులోంచి పోవడం లేదని, ఆయన దగ్గరికెళ్ళి నా పేరు ఆనందబాబు అని చెప్పుకుంటే గానీ రొట్టె ముట్టలేనని, మెల్లిగా చెప్పాడు. వెళ్ళి చెప్తే సుందరం పరువు పోతుంది, లీగ్‌లో సంఘం పరువు పోతుంది. అందుకని వెళ్ళలేదట.

"అయితే ఎన్నాళ్ళు మానేస్తారు?"

"చూద్దాంలే," అన్నాడు ఆనందబాబు.

ఆ మాట సుందర్ రాజ్‌ని చెంప మీద కొట్టినట్టు తగిలింది. చూద్దాంలే అంటే ఏమిటో అతనికి తెలియదా? బతికినన్నాళ్ళూ అని. తన పరువు కోసం ఈయన బతికినన్నాళ్ళూ ఆఖరి వరసలో కూర్చుంటాడు, పళ్ళెం పక్కవాళ్ళకు అందిస్తూ, ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్తూ. తన కోటు ఇచ్చాడు, తన చొక్కా పోగొట్టుకున్నాడు, తన పేరు వదులుకున్నాడు, ఇప్పుడు ఇది. సుందర్ రాజ్‌కి ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు, దాచుకోవడానికి కూడా సిగ్గేసింది.

"రండి అన్నయ్యా, వెళ్దాం," అన్నాడు.

ఎక్కడికని ఆనందబాబు అడగలేదు. వద్దులేరా అని ఒకసారి అన్నాడు గానీ, అప్పటికే సుందర్ రాజ్ ముందు బల్ల మీది కప్పు చంకలో పెట్టుకున్నాడు. వసంతకుమారి గుమ్మంలో నిలబడి ఉంది. అతను దగ్గరికి రాగానే, అక్షరాలు ఊడలేదని నాకు ఆ రోజే తెలుసు సుందరం అంది. తల వంచుకుని ఆమెని దాటి వెళ్ళాడు.

వాల్టర్ ఇల్లు అక్కడికి పదిహేను నిమిషాల దూరం. దారిలో ఆనందబాబు ఒకసారి హీటర్ తగ్గించాడు, సుందర్ రాజ్ ఒకసారి మలుపు తప్పాడు. ఇంటి ముందు వాల్టర్ రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. కారు దిగుతున్న పెద్దాయన్ని చూడగానే మొహం విప్పారింది. ఆకులు ఊడ్చే చీపురు గోడకానించి చెయ్యి ఊపాడు.

"కృష్ణా!" అన్నాడు. ఈసారి పేరు మరిచిపోనందుకు సంబరపడిపోయాడు.

ఆనందబాబు గొంతు సవరించుకున్నాడు. తమ్ముడి మీదకి మాట రాకుండా ఎలా చెప్పాలా అని దారి పొడుగునా ఆలోచించుకున్నట్టున్నాడు, తప్పంతా నాదేనండీ అని మొదలుపెట్టబోయాడు. సుందర్ రాజ్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. వాల్టర్ మొహంలోకి సూటిగా చూశాడు.

"హిజ్ నేమ్ ఈజ్ ఆనందబాబు," అన్నాడు. "ఐ మేడ్ హిమ్ లై."

మిగతాది కూడా చెప్పాడు. చొక్కా సంగతి, వదినతో ఆడిన అబద్ధం, కృష్ణమోహన్‌తో ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. మీకు మేమంతా ఒకేలా కనబడతామనే ధైర్యంతో చేశాం అని కూడా చెప్పాడు. వాల్టర్ మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. నిన్న గ్రౌండ్‌లో ఆనందబాబు మొహంలోంచి పోయినట్టే పోయింది.

అంతా విన్నాక వాల్టర్ చేతి గ్లవ్ తీసేశాడు. ఆనంద్ అనే అన్నాను గదా నేను, అని తనలో తాను అనుకున్నట్టు అని, ముందుకు వచ్చి ఆనందబాబు చెయ్యి పట్టుకున్నాడు. లోపలికి రండి, బయట చలిగా ఉంది అన్నాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసి మెట్లెక్కించాడు.

సుందర్ రాజ్ కప్పు రెండు చేతులా ముందుకు చాపి నిలబడ్డాడు. దాన్ని ఎవరూ అందుకోలేదు. తలుపు మూయలేదు గానీ, అతన్ని రమ్మని కూడా ఎవరూ అనలేదు.